గుంజ పడని ఊరు

ఇసకపాలెంలో సముద్రం కదలమన్నప్పుడు ఇల్లు కదలాలి. ఉప్పాడకు ఉత్తరంగా ఒడ్డు మీద ఉండే చిన్న జాలరి పల్లె అది. ఇప్పుడు వెతికితే దొరకదు, నీళ్లలో ఉంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి ఒక తరం గడిచిన రోజుల మాట ఇది. కాకినాడ రేవులో పొగ ఓడలు వచ్చి ఆగుతున్నాయి, దొరలు టోపీలు పెట్టుకుని తిరుగుతున్నారు. ఇసకపాలెంలో మాత్రం అన్నీ తాటాకు ఇళ్లే. పేదరికం ఒకటే కారణం కాదండీ. తాటాకు ఇల్లయితే పొద్దున్నే విప్పి, పొద్దుగూకేలోగా వెనక్కి మోసుకుపోవచ్చు. నిట్రాడు, వాసాలు, ఆకు, ఆఖరికి పొయ్యిరాళ్లు కూడా భుజాల మీదే వెళ్లిపోతాయి.

ఎప్పుడు విప్పాలో గుంజ చెబుతుంది. ముందు వరస ఇళ్లకీ నీళ్లకీ మధ్య ఇసకలో పాతిన తాటి గుంజ. దానికి పసుపు రాసి, వేపమండ కట్టి, గంగమ్మ తల్లి పేరు మీద నిలబెడతారు. సముద్రం ఒడ్డును కొరుక్కుంటూ వచ్చి ఆ గుంజను పడేసిందంటే, తల్లి ‘ఇంక లేవండి’ అన్నట్టు. అప్పుడు గుంజ కాపరి తన ఇంటికప్పు మీది ఆకు ఒకటి తన చేత్తో లాగాలి. అతను లాగాకే మిగతావాళ్లు. అంతకు ముందే ఎవడైనా తన ఇల్లు విప్పుకున్నాడా, తల్లి మాట కాదన్నవాడే. వాడి వల పక్కన ఇంకెవరూ వల వెయ్యరు, వాడి పిల్లను ఎవరూ చేసుకోరు.

ఆ కాపరి పని పల్లంరాజు వాళ్ల ఇంటిది. తండ్రి పోయాక అతనికి వచ్చింది.

పల్లంరాజు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే మీరు మొదటి నుంచీ అతని మీద కోపంతో చదువుతారు. ఎవరి తెప్ప విరిగినా ముందు నీళ్లలోకి దూకేది అతనే. చెల్లెలు మరిడమ్మను ఊరు దాటించడం ఇష్టం లేక, పక్కింటి బుల్లియ్యకే ఇచ్చి పెళ్లి చేశాడు. భార్య వీరవేణి చేపల గంప దించుకుని ఇంటికొస్తే, కాళ్లకు నీళ్లు తనే తెచ్చిపెట్టేవాడు. ఆ రోజుల్లో అలాంటి మొగుణ్ణి చూసి ఊరంతా బుగ్గలు నొక్కుకుంది.

అతనికి కలిసొచ్చింది పడవలో. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు కదా, లోతులోనే లంగరేసేవి. ఓడకీ ఒడ్డుకీ మధ్య బస్తాలు మోసే పడవలు కావాలి. ఎంత పెద్ద కెరటం లేచినా పల్లంరాజు పడవ బోల్తా పడింది లేదు. ఓడల వాళ్లు ఇతని పడవే కావాలనేవారు. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి.

“సంద్రానికి నేనంటే దడరా!” అని నవ్వుతూ అనేవాడు. జనమూ నవ్వేవారు. కొన్నేళ్లకు అదే మాట నవ్వకుండా అనడం మొదలుపెట్టాడు. ఎప్పుడు మారిందో ఎవరూ కనిపెట్టలేదు. గర్వం అలాగే వస్తుంది చూడండి. ఉప్పుగాలి ఇనప మేకును తిన్నట్టు, చప్పుడు చెయ్యదు.

ఒక వేసంగిలో పల్లంరాజు ఇటుకలు దింపించాడు.

ముందు వరసలో, సముద్రానికి ఎదురుగా, మేడ! గవ్వలూ గుల్లలూ కాల్చి సున్నం చేయించాడు. ఆ సున్నంలో బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ కలిపి గానుగ పట్టించాడు. సముద్రం వైపు గోడ ఎంత మందమంటే, కిటికీలో మనిషి పడుకోవచ్చు. ఉప్పాడ సాలెవాళ్లు కూడా పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్లారు.

అతని తల్లి లోవమ్మ మాత్రం ఆ గోడ చుట్టూ ఒకసారి తిరిగి, కొడుకు ముందుకొచ్చి నిలబడింది.

“అంతా బాగానే ఉందిరా. రేపు గుంజ పడితే ఏ ఆకు లాగుతావు?”

“గుంజ పడితేగా అమ్మా!”

“పడదా?”

“పడనివ్వను.”

అన్నంత పనీ చేశాడు. గుంజ మొదలు చుట్టూ లోతుగా తవ్వించి, ఇటుకా సున్నంతో గుండ్రటి దిమ్మె కట్టించాడు. కాపరి తప్ప గుంజను ఇంకెవరూ తాకకూడదు కాబట్టి అడ్డుపడే హక్కూ ఎవరికీ లేదు. ముసలివాళ్లు గొణుక్కుని ఊరుకున్నారు. లోవమ్మ మేడలోకి రానంది. వెనక ఉన్న పాత తాటాకు ఇంట్లోనే ఉండిపోయింది.

మేడ పైకప్పు వేస్తున్న రోజుల్లోనే జ్ఞానమ్మ ఆ ఊరు వచ్చింది. కాకినాడ వైపు నుంచి తాటాకు గొడుగేసుకుని, చంకలో బైబిలు పెట్టుకుని పల్లెల వెంట నడిచే పెద్దావిడ. ఆడవాళ్లు వలలు బాగుచేసుకుంటుంటే పక్కన కూర్చుని, తనూ ఒక కొస పట్టుకుని, కథలు చెప్పేది. మతంలో కలవమని ఆవిడ అడిగితే ఇసకపాలెం వాళ్లు నవ్వి మాట మార్చేవాళ్లు. కథలకు మాత్రం చెవులు కోసుకునేవాళ్లు.

“బబులోను అని పెద్ద పట్నమమ్మా. దాని రాజు పేరు నెబుకద్నెజరు.”

“అదేం పేరండీ బాబూ, నోట్లో చేపముల్లు పడ్డట్టుంది,” అంది మరిడమ్మ.

“రాజు అనుకో, చాలు. ఆయన ఒకనాడు మేడ మీద పచార్లు చేస్తూ పట్నం వంక చూసుకున్నాడు. ఇదంతా ఎవరు కట్టారు, నేనే కదా, నా బలంతో, నా గొప్ప కోసం, అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు, పైకి అన్నాడు. ఆ మాటింకా నోట్లో ఉండగానే ఆకాశం నుంచి గొంతు వినబడింది, నీ రాజ్యం పోయిందని. అంతే, మతి పోయింది. జనం తరిమేస్తే పశువుల్లో కలిసి గడ్డి మేశాడు. మంచుకి తడిశాడు. జుట్టు గద్ద ఈకల్లా, గోళ్లు పిట్టగోళ్లలా పెరిగిపోయాయి.”

వలల మీద చేతులు ఆగిపోయాయి. పైన గోడ మీద నిలబడి పని చేయిస్తున్న పల్లంరాజు ఒక్కడే పెద్దగా నవ్వాడు.

“జ్ఞానమ్మగారూ! ఆ రాజుకి గడ్డి దొరికింది కాబట్టి మేశాడండి. మా ఒడ్డున గడ్డెక్కడిది? నాకు మతి పోయినా ఎండుచేపలే తినాలి!”

అందరూ పగలబడి నవ్వారు. జ్ఞానమ్మ కూడా నవ్వింది.

“కథ ఇంకా ఉందండీ.”

“ఉండనివ్వండమ్మా. మేడ పూర్తయ్యాక చల్లగాలికి కూర్చుని వింటాను.”

ఆవిడ మళ్లీ వచ్చేసరికి ఆ మేడ లేదు.

గృహప్రవేశం అయిన కొత్తలో వీరవేణికి నిద్ర పట్టేది కాదు. భయపెట్టే చప్పుడేదో ఉండి కాదు. అసలు చప్పుడే లేక. అంత మందం గోడలు కదా, లోపలికి సముద్రం వినపడేది కాదు. పుట్టిన దగ్గర నుంచీ ఆ హోరులో పడుకున్న మనిషి.

“ఊపిరాడట్లేదు మావా. ఎవరో దుప్పటి కప్పి పట్టుకున్నట్టుంది.”

“అదీ మేడంటే! సంద్రాన్ని గుమ్మం బయట నిలబెట్టాం.”

“నిలబడిందో, చుట్టూ తిరిగి వస్తోందో, వినపడకపోతే మనకెలా తెలుస్తుంది?”

అమాయకంగా అన్న మాటే. నిజమూ అదే. గోడను కొట్టిన కెరటం విరిగి పక్కకు మళ్లేది, పోతూ పోతూ పక్కవాళ్ల ఇసకను పట్టుకుపోయేది. వానాకాలం సగం గడిచేసరికి మేడకు అటూ ఇటూ ఒడ్డు నెలవంకల్లా కోసుకుపోయింది. ఎప్పుడూ లేనిది, బుల్లియ్య పెరట్లోకి అల వచ్చి వెళ్లింది.

గుంజ? అది అలాగే ఉంది. ఒడ్డు దాన్ని వదిలేసి వెనక్కి వచ్చేసింది. చుట్టూ నీళ్లు, మధ్యలో నిలువునా గుంజ. పసుపు కొట్టుకుపోయి నల్లబడింది. పొద్దున్న మంచులో చూస్తే ఎవరో మనిషి ఊరికి వీపు పెట్టి నీళ్లలో నిలబడ్డట్టుండేది. పడవల్లో తిరిగి వస్తూ అటువైపు నుంచి చూసినా వీపే కనబడేదని జాలర్లు చెప్పుకునేవారు. నీటికాకులు ఎంత అలిసిపోయినా దాని మీద వాలేవి కావు.

పడని గుంజను చూస్తూ ముందు వరస వాళ్లు తమ గుమ్మాల్లోనే కూర్చున్నారు. వెనక బోలెడంత ఎత్తు ఇసక ఉంది. నాలుగు అడుగులు వేస్తే చాలు. కానీ కాపరి కదలందే ఎవరు కదులుతారు?

బుల్లియ్య వచ్చి అడిగాడు.

“బావా, పొయ్యిలోకి నీళ్లు ఊరుతున్నాయి. మీ చెల్లెలు తడి కట్టెలతో ఏడుస్తోంది. ఒక్క మాట చెప్పు, లేచిపోతాం.”

“గుంజ పడిందా?”

“పడలేదు.”

“మరి తల్లి ఆజ్ఞ లేకుండా ఊరిని లేపమంటావా?”

“తల్లి ఎలా పడేస్తుంది బావా, నువ్వు సున్నం పోసి కట్టేశావుగా?”

“అయితే సంద్రం కంటే నేనే గట్టోడినన్నమాట.”

బుల్లియ్య అతని మొహంలోకి చూశాడు. “హాస్యానికి అంటున్నావా, నిజంగానేనా?”

హాస్యమో నిజమో పల్లంరాజుకే తెలియలేదు.

ఒకటి మాత్రం తెలుసు. ఊరిని లేపాలంటే ముందు తన ఇల్లు విప్పాలి. తాటాకు ఇల్లయితే విప్పి మోసుకుపోవచ్చు. మేడను ఎలా విప్పుతాడు? పగలగొట్టాలి. సంద్రాన్ని ఆపేస్తానన్నవాడు సొంత గోడను సొంత చేత్తో పగలగొట్టుకున్నాడని కాకినాడ దాకా నవ్వుకుంటారు. ఆ నవ్వు తలుచుకుంటేనే అతని చెవులు వేడెక్కేవి. ఇంకొక్క పక్షం, ఇంకొక్క పోటు, తర్వాత సముద్రం తనంతట తనే వెనక్కి పోతుంది అనుకున్నాడు.

తర్వాత ఇంట్లో వింతలు మొదలయ్యాయి. ముందు బావి నీళ్లు మారాయి. తియ్యటి నీళ్లు ఉప్పన కాలేదు, గోరువెచ్చన అయ్యాయి. కోళ్లు గూట్లోకి పోవడం మానేసి లోవమ్మ ఇంటి చూరెక్కాయి. ఒక మధ్యాహ్నం పల్లంరాజు అన్నం తింటుంటే గచ్చు మూల చిన్న బీట నుంచి పీత ఒకటి పైకి వచ్చింది. దాని వెనక ఇంకోటి. వరసగా గదికి అడ్డంగా నడిచి, గడప దాటి, ఊరి వైపు వెళ్లిపోయాయి. మర్నాడూ అంతే. అన్నీ వెనక్కి పోయేవే. సముద్రం వైపు వెళ్లిన పీతను ఒక్కదాన్ని కూడా అతను చూడలేదు.

గచ్చు మీద పడుకుంటే కింద నుంచి చప్పుడు వినబడేది. పళ్లు లేని ముసలమ్మ తమలపాకు నములుతున్నట్టు, మెత్తగా, తీరుబడిగా.

“అమ్మా, ఏంటది?” అని ఒకనాడు తల్లిని చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తెచ్చి అడిగాడు.

లోవమ్మ లోపలికి అడుగుపెట్టకుండానే గడపకు చెవి ఆనించింది. చాలాసేపు విని, కొడుకు నెత్తి మీద చెయ్యి వేసింది, చిన్నప్పుడు వేసినట్టు.

“సంద్రం నీ ఇంటి కిందకొచ్చి కూర్చుందిరా. పిలవదు, తలుపు కొట్టదు. అది చెప్పే మాట గుంజతోనే చెప్పేది.”

కార్తీకం పోయే అమావాస్యకు పోటు గాలితో కలిసి వచ్చింది. పట్టపగలే ఆకాశం రాగిచెంబు రంగుకు తిరిగింది. బుల్లియ్య ఇల్లు కూలిపోయిందనడానికి లేదు. కింద ఇసక కరిగిపోతే ఇల్లు అలాగే, కప్పు చెదరకుండా, నీళ్లలోకి జారిపోయింది. మరిడమ్మ బిడ్డనెత్తుకుని, నెత్తిన బియ్యం కుండతో, అన్న మేడలోకి వచ్చింది. ఆమె వెనకే మిగతా ముందు వరస అంతా. ఇల్లు విప్పుకుని పోకూడదు గానీ కాపరి ఇంట్లో తలదాచుకోవడానికి అడ్డేముంది?

గదులు నిండిపోయాయి. వీరవేణి అందరికీ గంజి పోసింది. పల్లంరాజు పైకెక్కి పిట్టగోడ పట్టుకుని చుట్టూ చూశాడు. ఎటు చూసినా నీళ్లు. నీళ్ల మధ్య తన మేడ, మేడలో ఊరు. అతని ఛాతీ పొంగింది. నెలల తరబడి గుచ్చుకుంటున్న ముల్లు ఊడి వచ్చినంత హాయి.

“చూశారా! ఊరంతా పోయినా ఇది నిలబడింది. ఎవడు కట్టాడు? నేను కట్టాను! ఈ చేతులతో, నా...”

ఆ మాట పూర్తి కాలేదు. సముద్రం హోరు ఆగిపోయింది.

గాలి ఉంది. కెరటాలు లేస్తున్నాయి, పడుతున్నాయి. చప్పుడే లేదు. కింద గదుల్లో బిడ్డలు ఏడుపు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో మేడ కింద నుంచి పెద్ద నిట్టూర్పు ఒకటి వచ్చింది. కింద ఉన్నవాళ్లూ విన్నారు, పైన ఉన్నవాడూ విన్నాడు. కాళ్ల కింద ఇటుకలు ఆ ఊపిరితో పాటే లేచి దిగినట్టు పల్లంరాజుకు అనిపించింది.

గుంజ వైపు చూశాడు. అది నిటారుగా, చెక్కుచెదరకుండా ఉంది.

అప్పుడు తెలిసింది అతనికి. అది పడదు. మేడ మునిగినా, అందరూ పోయినా, అది పడదు. ‘లేవండి’ అని చెప్పే నోటిని తనే కట్టేశాడు. ఇంతమంది కింద కూర్చుని గంజి తాగుతూ, ఎన్నటికీ రాని మాట కోసం ఎదురు చూస్తున్నారు.

మేస్త్రీలు పైన వదిలేసిన గునపం అందుకున్నాడు. పిట్టగోడ మీద ఒక్క పోటు పొడిచాడు. సున్నం గట్టిది, తనే దగ్గరుండి కలిపించాడు. రెండో పోటుకు ఇటుక ఊడింది. దాన్ని రెండు చేతులా ఎత్తి, ఊరి వైపు, అందరికీ కనపడేలా విసిరేశాడు.

“లేవండి! లాగేశాను! నా ఇల్లు నేను విప్పేశాను! పదండి వెనక్కి, పరిగెత్తండి!”

కింద జనం ఆ ఇటుక వంక ఒక్క క్షణం తెల్లబోయి చూశారు. ముందు బుల్లియ్యకు అర్థమైంది. మరిడమ్మ భుజం పట్టి నీళ్లలోకి దిగాడు. మెట్ల దగ్గర వీరవేణి నిలబడి, తడబడే ముసలివాళ్లను, పిల్లల్ని ఒక్కొక్కరినీ గుమ్మంలోకి తోస్తోంది.

“వదినా, నువ్వూ రా!” మరిడమ్మ కేక.

“మీ అన్న దిగనీ, వస్తాను!”

మేడ పడిపోలేదండీ. కూర్చుంది. నడిచి నడిచి అలిసిన ఏనుగు ముందుకాళ్లు మడిచినట్టు సముద్రం వైపు కుంగింది. మెట్లున్న పక్కే ముందు వెళ్లింది. పైనున్న పల్లంరాజును అది ఊరి వైపు ఇసక మీదకు విసిరేసింది. వీరవేణిని తీసుకుపోయింది.

మర్నాడు గాలి పడిపోయి సముద్రం నూనె పోసినట్టు ఉంది. ఆ నిశ్చలమైన నీళ్లలో, ఎవరూ తాకకుండా, గుంజ మెల్లగా ఒరిగి మునిగిపోయింది. జాలర్లు చూసి మొహాలు తిప్పుకున్నారు.

ఊరు వెనక్కి జరిగింది. కొత్త గుంజను బుల్లియ్య పాతాడు, ఒట్టి ఇసకలో. పల్లంరాజు ఏ ఇంట్లోకీ రాలేదు. కప్పు కింద కూర్చుంటే ఊపిరాడదనేవాడు. ఒడ్డునే పడుకునేవాడు, మంచుకు తడిసేవాడు. తల్లి ముద్ద చేతిలో పెడితే తినేవాడు. జుట్టు అట్టలు కట్టింది. గోళ్లు పెరిగి వంకర తిరిగాయి.

అలా ఉండగా జ్ఞానమ్మ వచ్చింది. ఇసకలో అతని పక్కన కూర్చుంది. అతనే అడిగాడు.

“ఆ రాజు సంగతి ఏమైందండి? కథ ఇంకా ఉందన్నారు.”

“చాలా కాలం అలాగే తిరిగాక ఒకరోజు తలెత్తి ఆకాశం వంక చూశాడండి. మతి తిరిగొచ్చింది. నాది కాదు, నీదే అని పైవాడికి దణ్ణం పెట్టుకున్నాడు. గర్వంతో నడిచేవాళ్లను దించడం ఆయనకు తెలుసు అని తనే ఒప్పుకున్నాడు. సింహాసనం మళ్లీ వచ్చింది.”

“పెళ్లాం?”

జ్ఞానమ్మ గొడుగు చేతులు మార్చుకుంది.

“ఆ సంగతి అందులో లేదండి.”

పల్లంరాజు తల ఊపాడు. ఆ సాయంత్రం మంగలిని పిలిపించుకున్నాడు. ఆ తర్వాత అతను ఏ దేవుడికి మొక్కాడో ఎవరికీ తెలియదు.

ఇసకపాలెం వాళ్లకు కొత్త కష్టం వచ్చిపడింది. మేడ మునిగిన చోట చేప బాగా చేరేది. కానీ వల వేస్తే గోడలకు చిక్కుకుని చిరిగిపోయేది. ఎక్కడ ఏ గోడ ఉందో పైనుంచి కనపడదు. చివరికి బుల్లియ్యే వచ్చి, బావ ముందు నిలబడి, నేల చూస్తూ అడిగాడు.

“పడవెక్కుతావా బావా? చోటు చూపిస్తే చాలు, తెడ్డు వెయ్యక్కర్లేదు.”

అప్పటి నుంచి పోయేదాకా అతని పని అదే. పడవ మొనలో కూర్చుని, చెయ్యి నీళ్లలో ముంచి ఉంచేవాడు. గోడ మీదికొస్తే అరచేతికి చల్లదనం మారుతుందనేవాడు.

“ఇక్కడ వద్దు. వంటిల్లు.”

పడవ కొంచెం జరుగుతుంది.

“ఇది బావి. ఎడమకి పోనివ్వండి.”

కాసేపటికి అతను చెయ్యి నీళ్లలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. అది చూసి బుల్లియ్య తెడ్డు పైకెత్తుతాడు, మిగతావాళ్లూ ఎత్తుతారు. పడవ దాని పాటికి అది, చప్పుడు లేకుండా, మెట్ల మీదుగా సాగిపోతుంది. అతను ఆ చెయ్యి మళ్లీ నీళ్లలో ముంచేదాకా ఎవరూ తెడ్డు దించరు.

“ఆఁ, ఇప్పుడు వెయ్యండి వల.”